78 ఏళ్ల నాన్నగారు నాలుగు నెలల్లో మంచం పట్టారు. ఊరి నుంచి తెచ్చేసుకోవాలా?

మీ ప్రశ్న మళ్లీ ఒకసారి చెప్పుకుందాం. మీది బెంగళూరులో ఉద్యోగం. అమ్మగారు, నాన్నగారు రాజోలు దగ్గర ఊళ్లో ఉంటారు. నాన్నగారికి 78. చాలా ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. పోయిన సంక్రాంతికి కూడా సైకిల్ మీద కొబ్బరితోటకి వెళ్లి వచ్చిన మనిషి, ఈ నాలుగు నెలల్లో రెండుసార్లు పడ్డారు. తిండి తగ్గింది, అడిగిందే అడుగుతున్నారు, పగలంతా మంచం మీదే ఉంటున్నారు. చూసిన ఇద్దరు డాక్టర్లూ "వయసు కదండీ" అన్నారు. బెంగళూరు తీసుకొచ్చి ఫుల్ బాడీ చెకప్ చేయించి మీ దగ్గరే ఉంచేసుకోవాలని మీ ఆలోచన. ఆయన రానంటున్నారు. మళ్లీ పడతారన్న భయంతో సైకిల్ తాళం దాచేశామని కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడే ఊరు కదపకండి. ఫుల్ బాడీ చెకప్ అక్కర్లేదు. నాలుగు నెలల్లో మనిషి ఇంతగా జారిపోతే దాన్ని వయసు ఖాతాలో రాయకూడదు. వయసు మనిషిని ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గిస్తుంది. నెలల్లో పడేసిందంటే వెనక ఏదో కారణం ఉంటుంది, చాలాసార్లు రెండు మూడు కలిసి ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం వెతికితే దొరుకుతాయి, దొరికినవాటిలో చాలావరకు సరిచేయవచ్చు. వెతకడం మొదలుపెట్టాల్సింది ఆయన మందుల సంచి దగ్గర. అవన్నీ అయి, ఆయన కోలుకున్నాక అప్పుడు ఎక్కడ ఉండాలో ఆయన్నే అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. రెండుసార్లు పడ్డారన్నారు, ఆ తర్వాతే మతిమరుపు, మగత వచ్చాయంటున్నారు. పెద్దవాళ్లలో తలకి చిన్న దెబ్బ తగిలినా పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం నెమ్మదిగా చేరి, కొన్ని వారాల తర్వాత ఇలాగే బయటపడుతుంది. యాస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. దెబ్బ తగిలినట్టు ఆయనకి గుర్తు కూడా ఉండకపోవచ్చు. ఈ వారంలోనే తలకి సీటీ స్కాన్ తీయించండి. అమలాపురంలోనో కాకినాడలోనో అయిపోతుంది. ఒకవేళ రక్తం ఉంటే న్యూరోసర్జన్ చూడాలి. సమయానికి చూస్తే చాలామంది బాగా కోలుకుంటారు. ఈలోపు మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయినా, లేపితే లేవలేనంత మగతగా ఉన్నా, వాంతులు అవుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

నేను జనరల్ ఫిజీషియన్‌ని, కోనసీమలోనే ప్రాక్టీసు. నా ఓపీలో సగానికి పైగా అరవై దాటినవాళ్లే. పిల్లలు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటారు, ఇక్కడ ఇద్దరు పెద్దవాళ్లు ఒకరికొకరు కాపలా. అందుకే మీ ప్రశ్న చదివి, ఇంత పొడుగ్గా రాయాలనిపించింది.

మందుల సంచి. పెద్దవాళ్లు మొదటిసారి వస్తే నేను చీటీలు అడగను. ఇంట్లో ఉన్న మందులన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి, పక్కింటివాళ్లు పనిచేసిందని ఇచ్చినవి, కళ్లలో వేసుకునే చుక్కలతో సహా సంచిలో వేసుకుని తెమ్మంటాను. బల్ల మీద పోస్తే అసలు కథ అప్పుడు బయటపడుతుంది. ఒకే మందు రెండు కంపెనీ పేర్లతో ఉంటుంది. కాకినాడ డాక్టరు రాసింది ఆపకుండా రాజమండ్రి డాక్టరు రాసింది కూడా వేసుకుంటూ ఉంటారు.

ఒక ఉదాహరణ చెప్తాను. లంక గ్రామం నుంచి ఒక మామ్మగారు వచ్చారు. బీపీకి అమ్లోడిపిన్ పెద్ద మోతాదులో వాడుతున్నారు. ఆ మందుకి కొందరిలో పాదాలు వాస్తాయి, ఆవిడకీ వాచాయి. మన గోదావరి జిల్లాల్లో కాలు వాచిందంటే ముందు అందరికీ గుర్తొచ్చేది బోదకాలు. ఎవరో ఆ బిళ్లలు వేయించారు, తగ్గలేదు. ఇంకొకరు నీరు పోయే బిళ్ల రాశారు. దాంతో రాత్రి మూడు నాలుగుసార్లు దొడ్లోకి వెళ్లాల్సి వచ్చింది, నిద్ర పోయింది. నిద్రకి ఆల్‌ప్రజోలామ్ ఇచ్చారు. ఆ మత్తులో రాత్రి లేచి, వానకి నాచు పట్టిన గచ్చు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. నొప్పికి డైక్లోఫెనాక్ మొదలైంది, దానికి బీపీ పెరిగింది. బీపీ పెరిగిందని మళ్లీ మందు పెంచారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కోడలు చెప్పిన మాట: "వయసైపోయిందండీ, రోజుకోటి వస్తంది." ఆవిడకి వయసు వల్ల వచ్చింది అందులో ఒక్కటీ లేదు. బీపీకి వేరే మందు ఇచ్చి, నీరు పోయే బిళ్ల, నొప్పి బిళ్ల ఆపి, నిద్ర బిళ్లని కొన్ని వారాల మీద నెమ్మదిగా తగ్గిస్తే వాపు పోయింది, నిద్ర వచ్చింది. ఇప్పుడు ఆటో దిగి తనే నడిచి లోపలికి వస్తున్నారు.

పెద్దవాళ్లకి ఏ మందులు ఆచితూచి ఇవ్వాలో డాక్టర్లకి ఒక జాబితా ఉంది. అమెరికాలో మార్క్ బీర్స్ అనే డాక్టరు 1991లో మొదలుపెట్టారు, 2023లో కూడా సవరించారు. నిద్ర బిళ్లలు, మగత తెచ్చే పాతరకం జలుబు బిళ్లలు, అమిట్రిప్టిలిన్, చాలాకాలం వాడే నొప్పి బిళ్లలు, షుగరు మరీ పడగొట్టే గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి అందులో ఉంటాయి. మీ నాన్నగారి సంచిలో ఇలాంటివి ఏవైనా ఉన్నాయేమో చూపించండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. నిద్ర బిళ్లలు, గుండె మందులు కొన్ని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

షుగరు సంగతి ప్రత్యేకంగా చూడాలి. తిండి తగ్గిందన్నారు. బిళ్ల తగ్గించారా? సాధారణంగా ఎవరూ తగ్గించరు. రెండు పూటలా కంచం నిండా తినే రోజుల్లో రాసిన గ్లిమిపిరైడ్ మోతాదు, ఇప్పుడు నాలుగు ముద్దలు తినే మనిషికి కూడా అలాగే నడుస్తూ ఉంటుంది. షుగరు పడిపోతుంది. ముసలివాళ్లలో అది చెమటలు, వణుకు లాగా రాకపోవచ్చు, తికమకగా, తూలుగా, అర్థం లేని మాటలుగా వస్తుంది. అందరూ మతి పోయిందనుకుంటారు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తెల్లవారుజామున, మధ్యాహ్నం భోజనం ముందు, తికమకగా ఉన్నప్పుడు చూసి రాసిపెట్టమనండి. 70 కంటే తక్కువ కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు తాగించి, అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. మగతలో మింగలేని స్థితిలో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఈ వయసులో, ఇంత బలహీనపడిన మనిషికి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 8 దగ్గర ఉన్నా ఫర్వాలేదు. దాన్ని 6.5కి దించుదామని చూస్తే, వచ్చే లాభం కన్నా పడిపోయే ప్రమాదమే ఎక్కువ.

ఇంకో రెండు మన ప్రాంతం సంగతులు. ఉప్పు పూర్తిగా మానేసి, పైగా నీరు పోయే బీపీ బిళ్ల వేసుకునేవాళ్లకి రక్తంలో సోడియం పడిపోతుంది. మే నెల ఉక్కపోతలో ఇలా తికమకపడుతూ వచ్చేవాళ్లని ఏటా చూస్తున్నాను. రెండోది కొబ్బరినీళ్లు. తోట ఉన్నవాళ్లు రోజూ తాగుతారు, మంచిదే. కానీ కిడ్నీ కాస్త తగ్గి, టెల్మిసార్టాన్ లేదా స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ మందులు వాడుతుంటే పొటాషియం పెరిగిపోయి గుండె లయ తప్పవచ్చు. రక్తపరీక్ష చేయించాక ఎంత తాగవచ్చో డాక్టరునే అడగండి.

నిలబెట్టి బీపీ. మన ఓపీల్లో బీపీ అందరికీ కూర్చోబెట్టే చూస్తాం. పడిపోతున్న మనిషికి అది చాలదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడాలి. పైఅంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే, మంచం మీద నుంచి లేవగానే ఆయన ఎందుకు తూలుతున్నారో తెలిసిపోయినట్టే. ప్రోస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్ లాంటి మందులు, ఎక్కువైన బీపీ మందులు, నీళ్లు తక్కువ తాగడం, ఏళ్ల షుగరు వల్ల నరాలు దెబ్బతినడం, ఇవన్నీ కారణాలే. మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో గానీ, 104 వాహనం వచ్చిన రోజున గానీ ఇలా చూడమని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

రక్తపరీక్షలు పెద్ద ప్యాకేజీలు వద్దు. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం, బీ12, థైరాయిడ్, షుగరు, హెచ్‌బీఏ1సీ చాలు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి, రోజూ గ్యాస్ బిళ్ల వేసుకునేవాళ్లకి బీ12 తగ్గుతుంది. తగ్గితే అరికాళ్లు మొద్దుబారతాయి, తూలు వస్తుంది, జ్ఞాపకం మందగిస్తుంది.

ఫుల్ బాడీ చెకప్ ఎందుకు వద్దన్నానంటే, 78 ఏళ్ల మనిషిని తలనుంచి పాదాల దాకా స్కాన్ చేస్తే ఏదో ఒకటి కనిపించి తీరుతుంది. కిడ్నీలో నీటితిత్తి, ఊపిరితిత్తిలో చిన్న మచ్చ, పిత్తాశయంలో రాయి. వాటి వెనక పరుగెడతారు. ఆయన ఎందుకు పడుతున్నారు, ఎందుకు తినడం లేదు అన్న అసలు ప్రశ్న పక్కకి పోతుంది. కళ్లు, చెవులు, పళ్లు, నడక ఆ ప్యాకేజీలో సరిగ్గా చూడరు.

కళ్లు, చెవులు, నోరు. ఈ మూడూ చూడకుండా మతిమరుపు అని తేల్చవద్దు. శుక్లాలు ముదిరితే గడప కనిపించదు, మెట్టు అంచు కనిపించదు. చెవి వినపడకపోతే మనం చెప్పింది బుర్రకెక్కదు, అడిగిందే అడుగుతారు, నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. రిటైరైన ఒక మాస్టారిని "పూర్తిగా మతి పోయింది" అని తీసుకొచ్చారు. నేను పలక మీద రాసి చూపిస్తే ప్రతి ప్రశ్నకీ సరైన సమాధానం చెప్పారు. రెండు చెవుల్లోనూ గట్టిపడిన గుమిలి, దాని కింద వయసుతో తగ్గిన వినికిడి. గుమిలి తీయించి చెవి మిషన్ పెట్టించాక పేపరు చదివి దాని మీద వాదించడం మళ్లీ మొదలుపెట్టారు. అమెరికాలో 2023లో వచ్చిన అచీవ్ అనే పెద్ద అధ్యయనంలో, మతి తగ్గే ముప్పు ఎక్కువ ఉన్న పెద్దవాళ్లలో చెవి మిషన్లు వాడినవారికి మూడేళ్లలో ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. అందరికీ అంత లాభం కనిపించలేదు. అయినా చెవి పరీక్షకి పెద్దగా పోయేదేమీ లేదు.

తిండి తగ్గిందంటే ముందు నోరు తెరిచి చూడండి. కదిలే పన్ను, వదులైన కట్టుడు పళ్లు, నోటిపూత ఉంటే ఆకలి ఉన్నా తినలేరు. సిగ్గుపడి చెప్పరు కూడా. నోరు బాగానే ఉండి, బరువు మాత్రం తగ్గుతూ పోతుంటే దాన్ని వదలకూడదు, దానికి వేరే పరీక్షలు కావాలి.

మతిమరుపు గురించి ఇంకో మాట. మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా (మతి క్రమంగా పోయే జబ్బు) నూటికి సుమారు 7.4 మందికి ఉందని ఎల్‌ఏఎస్ఐ-డ్యాడ్ అనే, పెద్దవాళ్ల మతిమరుపు మీద దేశమంతా చేసిన సర్వే తేల్చింది. అంటే తొంభై మందికి పైగా లేదు. మీ నాన్నగారికి ఉండకూడదని నేను అనను. కానీ మందులు, షుగరు, సోడియం, బీ12, చెవి, నిద్ర సరిచేసి, రెండు మూడు నెలలు ఆగాక జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. ఇప్పుడు చేస్తే తప్పు ఫలితం వస్తుంది, ఆ ముద్ర ఇక పోదు. దిగులు కూడా ఇలాగే కనిపిస్తుంది. మగవాళ్లు "బెంగగా ఉంది" అనరు. "ఆకలి లేదు", "ఓపిక లేదు" అంటారు. ఈ నాలుగు నెలల్లో ఆయన స్నేహితులు ఎవరైనా పోయారా, తోట కౌలుకి ఇచ్చేశారా, కనుక్కోండి. ఉచితంగా మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది.

డాక్టర్లు "వయసు కదండీ" అని ఎందుకు అంటారో కూడా చెప్పాలి. ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది నాలుగైదు నిమిషాలు. మా చదువులో పిల్లలకి ఒక విభాగం, గర్భిణులకి ఒక విభాగం ఉన్నాయి, ముసలివాళ్ల గురించి విడిగా చెప్పింది చాలా తక్కువ. ఇంగ్లండ్‌లో 1935లో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మకి, ఇక బాగుపడరని మంచాల మీద వదిలేసిన 700 మందికి పైగా రోగుల్ని అప్పగించారు. ఆవిడ ఒక్కొక్కరినీ విడివిడిగా పరీక్షించి, ఎవరికి ఏ జబ్బో తేల్చి, మంచం దింపి నడిపించారు. చాలామంది ఇళ్లకి వెళ్లిపోయారు. వృద్ధుల వైద్యం అనే శాఖ అక్కడ పుట్టింది. అంటే తొంభై ఏళ్ల కిందటే తేలిన సంగతి మన ఓపీల దాకా ఇంకా సరిగ్గా రాలేదు. ఐక్యరాజ్యసమితి 2021–2030ని ఆరోగ్యకరమైన వృద్ధాప్య దశాబ్దంగా ప్రకటించింది, దాన్ని ముందుండి నడిపేది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వాళ్లు కొలిచేది ఎన్ని జబ్బులు ఉన్నాయన్నది కాదు, ఆ మనిషి తనకి ముఖ్యమైన పనులు చేసుకోగలుగుతున్నాడా లేదా అన్నది. నాకు ఇది చాలా నచ్చిన కొలత. మీరు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "షుగరు, బీపీ ఉన్నాయండి" అని మొదలుపెట్టకండి. "సంక్రాంతికి సైకిల్ తొక్కేవారు, ఇప్పుడు మంచం దిగడం లేదు, ఎందుకో చెప్పండి" అని అడగండి. మాకు దారి చూపించే ప్రశ్న అదే.

ఇంట్లోవాళ్ల మాటలు కూడా పనిచేస్తాయి. "మీకెందుకు నాన్నా, మేం చూసుకుంటాం", "ఈ వయసులో తోటెందుకు, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోండి" అని ప్రేమతోనే అంటాం. రోజూ విన్న మనిషి కూర్చుండిపోతాడు. 2002లో బెక్కా లెవీ అనే పరిశోధకురాలు ఒహాయోలో 50 దాటినవాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి ఉంది. తమ ముసలితనం గురించి మంచిగా అనుకునేవాళ్లు, చెడుగా అనుకునేవాళ్ల కన్నా సగటున 7.5 ఏళ్లు ఎక్కువ బతికారు. అనుకోవడం ఒక్కదానితోనే ఆయుష్షు పెరుగుతుందని నేను చెప్పను. కానీ తన పని తాను చేసుకునే మనిషి కండ నిలబడుతుంది, ఆకలి నిలబడుతుంది. ఇది రోజూ చూస్తున్నదే.

కండ. మంచం పట్టిన మనిషికి ఇది సగం వైద్యం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీద ఉంచితే కాళ్ల నుంచి దాదాపు కిలో కండ పోయిందని 2007లో తేలింది. మీ నాన్నగారు ఎన్ని వారాలుగా పడుకుని ఉన్నారో ఆలోచించండి. ఇలా చూడండి: చేతులు లేని గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కన ఒకరు నిలబడాలి. 12 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టు. లేవలేకపోతే బలవంతం చేయకండి.

డాక్టరు సరే అన్నాక ఈ లేచి కూర్చోవడాన్నే వ్యాయామంగా మార్చండి. పొద్దున పది, సాయంత్రం పది. మొదట చేతులతో ఆనుకుని లేవచ్చు. కిటికీ ఊచలు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఒంటికాలి మీద కాసేపు నిలబడటం. అమలాపురం వైపు నుంచి ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చినా చాలు. బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాల వల్ల పడటం సుమారు 23 శాతం తగ్గుతుందని, ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూసిన 2019 కాక్రేన్ సమీక్ష చెప్పింది. ఇంత పని చేసే బిళ్ల నా దగ్గర లేదు.

తిండి లేకుండా వ్యాయామం ఒక్కటే పెట్టకండి. పెద్దవాళ్లకి కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 60, 70 గ్రాములు. మన ఇళ్లలో షుగరు ఉన్న పెద్దాయన తినేదేమిటి? పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం. షుగరని అరటిపండు వద్దు, బీపీ అని ఆవకాయ వద్దు, అరగదని గుడ్డు వద్దు. ఇక తినడానికి ఏం మిగిలింది? రోజూ రెండు గుడ్లు (12 గ్రాముల పైమాట), రెండు గ్లాసుల పాలో పెరుగో, గట్టిగా వండిన పప్పు, ముళ్లు తీసిన చేప ముక్కలు, పెసరట్టు ఇవ్వండి. గుడ్డు తినని ఇళ్లలో పనీర్, సెనగలు ఉన్నాయి. కిడ్నీ బాగా తగ్గినవాళ్లకి మాత్రం ఈ లెక్క మారుతుంది. క్రియాటినిన్ రిపోర్టు చూశాకే పెంచండి.

ఇంట్లో చూడాల్సినవి మన డెల్టా ఇళ్లకి ప్రత్యేకం. వరద నీళ్ల భయంతో ఇళ్లు ఎత్తుగా కడతాం, అరుగు దిగడానికి నాలుగైదు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గడపలు ఎత్తు. బాత్రూం దొడ్లో. వర్షాకాలంలో గచ్చంతా నాచు. మెట్లకి ఒక ఇనుప కడ్డీ, బాత్రూంలో గోడకి ఇంకో కడ్డీ, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బులు, నాచు మీద వారం వారం బ్లీచింగ్, వీలైతే రాత్రికి మంచం పక్కన కమోడ్ కుర్చీ. సాగిపోయిన నవారు మంచం మీద నుంచి లేవడం వయసులో ఉన్నవాళ్లకే కష్టం, మోకాళ్ల ఎత్తున్న గట్టి మంచం వేయించండి. ఈ పనులు మీరు ఒక వారాంతం వచ్చి దగ్గరుండి చేయించండి.

మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి. నాన్నగారితో ఉంటారన్నది తప్ప, అమ్మగారి గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆవిడ వయసెంత? మోకాళ్లు ఎలా ఉన్నాయి? రాత్రి ఆయన్ని బాత్రూంకి లేపి తీసుకెళ్తున్నది ఆవిడే అయి ఉంటారు. భర్తల్ని ఓపీకి తీసుకొచ్చిన భార్యలకి కూడా నేను బీపీ చూస్తాను, అడిగితే "నాకేం లేదండి, ఆయన్ని చూడండి" అంటారు. చూస్తే 180, 190 ఉంటుంది, మందు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆయన కన్నా ముందు ఆవిడ కూలిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఆవిడ మందులు కూడా అదే సంచిలో తెమ్మనండి. పగలు నాలుగు గంటలు ఒక మనిషిని పెట్టండి. ఆ నాలుగు గంటలూ ఆవిడ నిద్రపోయినా సరే, గుడికెళ్లినా సరే, ఎందుకని అడగకండి.

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే రెండు జాగ్రత్తలు. 70 దాటినవాళ్లు ఆసుపత్రిలో చేరితే, జబ్బు తగ్గినా మూడో వంతు మంది చేరకముందు చేసుకున్న సొంత పనుల్లో ఏదో ఒకటి చేసుకోలేని స్థితిలో ఇంటికి వస్తారని 2003లో ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. అందుకని కళ్లద్దాలు, చెవి మిషన్, కట్టుడు పళ్లు వెంట తీసుకెళ్లండి, ఇంటి మనిషి ఒకరు రాత్రీ పగలూ పక్కన ఉండండి, రోజూ కుర్చీలో కూర్చోబెట్టమని, యూరిన్ పైపు అవసరం తీరగానే తీసేయమని అడగండి. ఖర్చుకి, 70 దాటినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ వర్తిస్తుంది. 2024 అక్టోబరులో మొదలైంది, ఆధార్‌తో కార్డు తీసుకోవాలి. అడ్మిషన్‌కి పనికొస్తుంది గానీ ఓపీ మందులకి రాదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా అమ్మగారి ఫోన్‌లో సేవ్ చేయండి.

ఇక బెంగళూరు. కొందరికి అదే మంచిది, ఒంటరిగా మిగిలినవాళ్లకి, రోజంతా మనిషి సాయం కావాల్సినవాళ్లకి. మీ నాన్నగారికి ఇక్కడ అరుగు ఉంది, పలకరించే మనుషులు ఉన్నారు, తోట ఉంది. అక్కడ మీరిద్దరూ ఆఫీసుకి వెళ్తే భాష రాని ఊళ్లో, లిఫ్టు ఎక్కాల్సిన ఫ్లాట్‌లో పగలంతా టీవీయే. తికమకపడుతున్న మనిషికి కొత్త చోటు ఆ తికమకని ఇంకా పెంచుతుంది. కోలుకున్నాక ఒక నెల వచ్చి ఉండి చూడమనండి, తిరిగి వెళ్లే టికెట్టు ముందే తీసి ఆయన చేతికివ్వండి. అప్పుడు ఆయన ఏది చెప్తే అది.

సైకిల్ తాళం. ఈ రెండు నెలలు తొక్కడం ఆపండి, కానీ దాచకండి. ఎందుకు ఆపామో, ఎప్పుడు ఇస్తామో ఆయనతో చెప్పండి: స్కాన్ అయ్యాక, కళ్లు చూపించాక, నిలబెట్టి చూసినా బీపీ పడకుండా ఉన్నాక, కుర్చీలోంచి ఐదుసార్లు 12 సెకన్లలో లేచాక. ఇవన్నీ అయ్యాక మొదట కాలువ గట్టు మీద సైకిల్ నడిపించుకుంటూ తోట దాకా వెళ్లమనండి, తర్వాత పొద్దున పూట, బండ్లు తిరగని దారిలో తొక్కవచ్చు. అప్పటికీ తూలు మిగిలితే తోటకి ఆటో మాట్లాడండి. తోటకి వెళ్లడం మాత్రం ఆగకూడదు.

రిపోర్టులు వచ్చాక, మందుల స్ట్రిప్పులన్నీ ఒక బల్ల మీద పరిచి ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా. నిలబడ్డప్పటి బీపీ, తెల్లవారుజాము షుగరు అంకెలు కూడా రాయండి. దేని గురించి అడగాలో నేను చెప్తాను, మోతాదు మార్చడం మాత్రం ఆయన్ని ఎదురుగా చూసిన డాక్టరే చేయాలి.